విదేశీ టెలికాం సంస్థల సాంకేతికాభివృద్ధి కేంద్రాలు: బెంగళూరు హువావే కేంద్రం నిర్మాణక్రమం

ప్రత్యేక వ్యాసం

ఒక విదేశీ టెలికాం సంస్థ మన దేశంలో సాంకేతికాభివృద్ధి కేంద్రాన్ని నెలకొల్పనున్నదని ప్రకటన వెలువడిన మరునాడు పత్రికలలో సాధారణంగా మూడు అంకెలు శీర్షికలకెక్కుతాయి. పెట్టుబడి ఎన్ని కోట్లు, స్థలం ఎన్ని ఎకరాలు, ఉద్యోగాలు ఎన్ని వేలు. ఈ మూడూ అవసరమైన సమాచారమే. అయితే ఆ కేంద్రం నిలదొక్కుకొంటుందా, లేక అద్దె గడువు ముగియగానే తాళం పడుతుందా అన్నది ఈ అంకెలను బట్టి తెలియదు. మాతృసంస్థ తన ఉత్పత్తులలో ఏ భాగం బాధ్యతను ఆ కేంద్రానికి అప్పగించింది, ఎంతకాలానికి అప్పగించింది అన్నదానిని బట్టి తెలుస్తుంది.

చైనాకు చెందిన హువావే సంస్థ బెంగళూరులో నిర్మించుకొన్న పరిశోధన-అభివృద్ధి కేంద్రం ఇందుకు తగిన నిదర్శనం. 2015 ఫిబ్రవరిలో వైట్‌ఫీల్డ్ ప్రాంతంలో ఆ సంస్థ తన సొంత ప్రాంగణాన్ని ప్రారంభించింది. విస్తీర్ణం 20 ఎకరాలు, వ్యయం 17 కోట్ల డాలర్లు, వసతి 5,000 మంది ఇంజనీర్లకు. ప్రారంభం నాటికి అక్కడ వాస్తవంగా పనిచేస్తున్నవారు సుమారు 2,700 మంది కాగా, వారిలో 98 శాతం భారతీయులని సంస్థ ప్రకటించింది. వసతి సంఖ్యను ఉద్యోగుల సంఖ్యగా చదువుకొనే ప్రమాదం ఇటువంటి చోటనే ఉన్నది. అంతకన్నా ముఖ్యమైన సంగతి మరొకటి ఉన్నది. ఆ కేంద్రం పుట్టినది 2015లో కాదు, 1999లో. సొంత ప్రాంగణం తలుపులు తెరుచుకొనే నాటికి కేంద్రం వయస్సు పదహారేళ్లు.

హైదరాబాదులో సైతం ఈ కోవకు చెందిన కేంద్రాలు పెరుగుతున్నందున, వాటి గురించి వ్రాసే పాత్రికేయులకు, వాటి దరఖాస్తులను పరిశీలించే అధికారులకు ఉపకరించగలదన్న ఉద్దేశంతో ఈ వివరణను అందజేయడమైనది. ఏ ఒక్క సంస్థను ప్రశంసించుటకు గాని, నిందించుటకు గాని ఇది ఉద్దేశించినది కాదు.

సాంకేతికాభివృద్ధి కేంద్రం అనగా...

టెలికాం పరికరాల సంస్థకు విదేశాలలో నాలుగైదు రకాల కార్యాలయాలు ఉండవచ్చు. పరికరాలు విక్రయించే కార్యాలయం ఒకటి, వాటిని టవర్ల వద్ద అమర్చి మరమ్మతులు చూసే సేవా విభాగం ఒకటి, వినియోగదారుల ఫిర్యాదులు స్వీకరించే కేంద్రం ఒకటి, కర్మాగారం ఒకటి. సాంకేతికాభివృద్ధి కేంద్రం వీటన్నిటికీ భిన్నమైనది. రేపు మార్కెట్లోకి రావలసిన పరికరాన్ని నేడు రూపొందించే చోటు అది. దాని ఉత్పత్తిలో అధికభాగం ఆ దేశపు వినియోగదారుల కొరకు కాదు, ప్రపంచంలో ఆ సంస్థకు ఉన్న వినియోగదారులందరి కొరకు.

టెలిఫోన్ ఎక్స్ఛేంజి అనగానే ఇనుప బీరువాలు, తీగల కట్టలు కళ్లముందు మెదలడం సహజం. డిజిటల్ ఎక్స్ఛేంజిలు వచ్చిన తరువాత ఆ బీరువా విలువలో పెద్ద భాగం దానిలోని సాఫ్ట్‌వేర్‌కు మారిపోయింది. కాల్‌ను ఎటు పంపాలి, బిల్లు ఎలా లెక్కించాలి, ఒక టవర్ పరిధి దాటి మరొక టవర్ పరిధిలోకి వెళ్లిన ఫోన్‌ను ఎలా అప్పగించాలి, ఇవన్నీ ప్రోగ్రాముల పనులే. టెలికాం రంగంలో ఈ ప్రోగ్రాముల నుండి ఆశించే విశ్వసనీయత అసాధారణమైనది. పరికరం 99.999 శాతం కాలం పనిచేస్తూ ఉండాలన్నది పరిశ్రమ వాడుకలోని ప్రమాణం. అనగా ఏడాది మొత్తంలో ఐదు నిమిషాలకు మించి ఆగరాదు. ఇంటి కంప్యూటర్‌ను ఆపి మళ్లీ వేసినంత తేలికగా ఒక పట్టణపు ఎక్స్ఛేంజిని ఆపి వేయడానికి వీలులేదు.

కేంద్రానికి అప్పగించే పనిలో కూడా అంతరాలు ఉన్నవి. ఇతరులు వ్రాసిన ప్రోగ్రామును పరీక్షించి లోపాలు పట్టుకోవడం మొదటి మెట్టు. పాత విడుదలలలోని లోపాలు సరిదిద్దడం, ఒక్కొక్క దేశపు నిబంధనలకు అనుగుణంగా చిన్న మార్పులు చేయడం ఆ తరువాతి మెట్లు. ఒక ఉత్పత్తి లేదా దానిలోని ఒక సంపూర్ణ భాగం రూపకల్పన నుండి విడుదల వరకు ఆ కేంద్రం చేతిలోనే ఉండడం పై మెట్టు. మొదటి మెట్టుపై ఉన్న పనిని ఒక త్రైమాసికంలో వేరే నగరానికి తరలించవచ్చు. పై మెట్టుపై ఉన్న పనిని తరలించాలంటే దానిని ఎరిగిన మనుషులనే తరలించాలి.

బెంగళూరును ఎంచుకొన్న కారణం

హువావే 1987లో షెన్‌జెన్‌లో స్థాపితమైంది. 1990లలో చైనా గ్రామీణ ప్రాంతాలకు, చిన్న పట్టణాలకు ఎక్స్ఛేంజిలు విక్రయిస్తూ ఎదిగింది. ఎదిగిన కొలదీ ఒక చిక్కు బయటపడింది. ఇంజనీర్లు సమర్థులే, కాని ఒక ఉత్పత్తి ఎప్పుడు సిద్ధమవుతుందో, సిద్ధమైన తరువాత ఎన్ని లోపాలు తేలుతాయో ముందుగా చెప్పగల పద్ధతి లేదు. ఆ దశాబ్దం చివర ఆ సంస్థ అమెరికాకు చెందిన ఐబీఎంను సలహాదారుగా నియమించుకొని, ఉత్పత్తుల అభివృద్ధి విధానాన్ని మొదటి నుండి తిరగరాయడం ఆరంభించింది. దాదాపు అదే సమయంలో, 1999లో, బెంగళూరు కేంద్రం ప్రారంభమైంది. ఈ రెండింటినీ కలిపి చూసినపుడే బెంగళూరు ఎంపిక అర్థమవుతుంది.

విదేశీ సంస్థలు భారతదేశానికి వచ్చేది తక్కువ జీతాల కొరకేనన్న అభిప్రాయం సాధారణంగా వినవస్తుంది. అమెరికా, ఐరోపా సంస్థల విషయంలో అందులో నిజం ఉన్నది. కాని 1999లో షెన్‌జెన్ నుండి చూచినపుడు బెంగళూరు ఇంజనీరు జీతం అంత చౌకగా కనిపించే అవకాశం లేదు. బెంగళూరులో ఉన్నదీ, షెన్‌జెన్‌లో అప్పటికి లేనిదీ సాఫ్ట్‌వేర్ నిర్మాణ క్రమశిక్షణ.

ఆ క్రమశిక్షణకు కొలమానం అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి చెందిన సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ సంస్థ రూపొందించిన సామర్థ్య పరిణతి నమూనా. వాడుకలో సీఎంఎం అంటారు. ఇందులో ఐదు స్థాయిలు. మొదటి స్థాయిలో పని ఎవరో ఒకరిద్దరి ప్రతిభ మీద నడుస్తుంది, వారు సెలవు పెడితే ఆగుతుంది. రెండవ స్థాయిలో ఒకసారి సఫలమైన పద్ధతిని మళ్లీ పాటించగలుగుతారు. మూడవ స్థాయిలో సంస్థ అంతటికీ ఒకే లిఖిత విధానం ఉంటుంది. నాల్గవ స్థాయిలో లోపాలను, గడువులను లెక్కలతో కొలిచి అదుపు చేస్తారు. ఐదవ స్థాయిలో ఆ కొలతల ఆధారంగా విధానాన్నే నిరంతరం మెరుగుపరుస్తారు. బెంగళూరులోని మోటరోలా సాఫ్ట్‌వేర్ కేంద్రం 1990ల తొలినాళ్లలోనే ఐదవ స్థాయి పొంది, ప్రపంచంలో ఆ స్థాయికి చేరిన తొలి కేంద్రాలలో ఒకటిగా నిలిచింది. మోటరోలా కూడా టెలికాం సంస్థే కావడం గమనార్హం.

టెలికాం పరిజ్ఞానం ఆ నగరానికి కొత్త కాదు. భారత టెలిఫోన్ పరిశ్రమల సంస్థ 1948 నుండి అక్కడ పరికరాలు తయారు చేస్తున్నది. 1984లో ఏర్పడిన టెలిమాటిక్స్ అభివృద్ధి కేంద్రం, అనగా సీ-డాట్, రూపొందించిన 128 లైన్ల గ్రామీణ ఎక్స్ఛేంజిని 1986లో కర్ణాటకలోని కిత్తూరులోనే తొలుత నెలకొల్పారు. ఎక్స్ఛేంజి లోపల ఏమి జరుగుతుందో తెలిసినవారు, దానిని ప్రోగ్రాముగా వ్రాయగలిగినవారు ఒకే నగరంలో దొరకడం సామాన్యమైన సౌలభ్యం కాదు.

విదేశీ కేంద్రానికి అవసరమైన సమాచార సౌకర్యాలకు కూడా అక్కడ దారి పడి ఉన్నది. 1985లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థ బెంగళూరులో తన కేంద్రం ప్రారంభించినపుడు ప్రత్యేక ఉపగ్రహ లింకు సాధించుకోవలసి వచ్చింది. ఆ పరికరాలు ఎడ్లబండిపై గమ్యం చేరాయని నేటికీ చెప్పుకొంటారు. 1991లో సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్కుల సంస్థ ఏర్పడిన తరువాత ఆ లింకును ప్రతి సంస్థా విడివిడిగా సాధించుకోవలసిన అవసరం తీరిపోయింది.

హువావే బెంగళూరు కేంద్రం 2001లో సీఎంఎం నాల్గవ స్థాయిని, 2003లో ఐదవ స్థాయిని పొందింది. ఈ రెండు సంవత్సరాలను సంస్థ తన చరిత్ర ఘట్టాలలో చేర్చుకొన్నది. సాధారణంగా మాతృసంస్థ నేర్పుతుంది, విదేశీ కేంద్రం నేర్చుకొంటుంది. ఇక్కడ ఉత్పత్తి పరిజ్ఞానం షెన్‌జెన్ నుండి బెంగళూరుకు రాగా, పని విధానంలో బెంగళూరే ముందు నడిచింది. ఒక కేంద్రం ఆయుష్షును పెంచేది ఇటువంటి పరస్పర అవసరమే.

భవనానికి ముందు జరిగే నిర్మాణం

మొదటి ఏళ్లలో కేంద్రాలన్నీ దాదాపు అద్దె భవనాలలోనే నడుస్తాయి. హువావే కేంద్రం కూడా పాత విమానాశ్రయ రహదారిలోని లీలా ప్యాలెస్ ప్రాంగణంలో కొంతకాలం పనిచేసింది. మాతృసంస్థ నుండి అనుభవజ్ఞులు కొందరు రావడం, ఇక్కడి నుండి తొలి జట్టు కొన్ని నెలలు ప్రధాన కార్యాలయానికి వెళ్లి పని నేర్చుకొని రావడం ఈ దశలోని ఆనవాయితీ. అందువలన ఉద్యోగుల వీసాలు, వాటి నవీకరణ అన్నవి చిన్న విషయాలుగా కనిపించినా ఈ దశలో నిర్ణయాత్మకమైనవి. పదిమంది నిపుణుల రాక మూడు నెలలు ఆలస్యమైతే వారి వద్ద నేర్చుకోవలసిన వందమంది ఆ మూడు నెలలు ఖాళీగా ఉంటారు.

భాష మరొక అంశం. షెన్‌జెన్‌లో రాతకోతలు చైనీసు భాషలో సాగుతాయి, బెంగళూరులో ఆంగ్లంలో. అమెరికా సంస్థల కేంద్రాలకు ఈ ఇబ్బంది లేదు. అయితే వారికి లేని సదుపాయం ఒకటి హువావేకు ఉన్నది. చైనా కాలమానం మన కాలమానానికి రెండున్నర గంటలు మాత్రమే ముందు. బెంగళూరులో ఉదయం 9 గంటలకు షెన్‌జెన్‌లో 11.30 అవుతుంది. పగటివేళ అధికభాగం ఇరువైపులా ఒకేసారి పనిచేయవచ్చు. అదే హైదరాబాదు నుండి అమెరికాలోని శాన్‌డియాగోకు వేసవిలో పన్నెండున్నర గంటలు, శీతాకాలంలో పదమూడున్నర గంటల వ్యత్యాసం. ఒక సందేహానికి సమాధానం కావాలంటే ఎవరో ఒకరు నిద్ర మానుకోవాలి. ఇక్కడి ఇంజనీర్ల కుటుంబాలకు రాత్రి తొమ్మిది గంటల ఫోను సమావేశాలు పరిచితమే.

ఈ కేంద్రాలను మామూలు సాఫ్ట్‌వేర్ కంపెనీల నుండి వేరు చేసేది ప్రయోగశాల. బ్యాంకు ప్రోగ్రామును కంప్యూటర్ పైనే పరీక్షించవచ్చు. మొబైల్ బేస్ స్టేషన్ ప్రోగ్రామును పరీక్షించాలంటే బేస్ స్టేషన్ కావాలి, దాని వెనుక ఉండే కేంద్ర ఎక్స్ఛేంజి కావాలి, పరీక్షా ఫోన్లు కావాలి. ఒక దేశంలోని వినియోగదారుడు పాత నమూనా వాడుతూ ఉంటే ఆ పాత నమూనా కూడా ప్రయోగశాలలో ఉండి తీరాలి. ఒక చిన్న దేశపు టెలిఫోన్ వ్యవస్థ నాలుగు గదులలో ఇమిడి ఉన్నట్లు ఉంటుందని చెప్పవచ్చు. ఆ గదులకు నిరంతర విద్యుత్తు, శీతలీకరణ, బరువు మోయగల నేల అవసరం. అందుచేత మామూలు కార్యాలయ భవనం అద్దెకు తీసుకొని మేజాలు వేస్తే సరిపోదు. సంస్థలు కొన్నేళ్ల తరువాత సొంత ప్రాంగణం వైపు మొగ్గడానికి గల కారణాలలో ఇది ముఖ్యమైనది.

ఈ పరికరాలు విదేశాల నుండి వస్తాయి. వాటిలో చాలా వరకు విక్రయానికి కాదు, కొన్ని ఇంకా మార్కెట్లోకి రాని నమూనాలు, మరికొన్ని పరీక్ష ముగిశాక తిరిగి వెళ్లవలసినవి. సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్కుల పథకం కింద, 2005 నాటి ప్రత్యేక ఆర్థిక మండళ్ల చట్టం కింద ఎగుమతి యూనిట్లకు సుంకం లేని దిగుమతి సౌకర్యం ఉన్నది. ప్రతిగా ప్రతి వస్తువుకూ లెక్క చూపవలసి ఉంటుంది. పార్కుల యూనిట్లకు ఆదాయపు పన్ను మినహాయింపు 2011 మార్చితో ముగిసిపోయింది. సుంకాల సదుపాయాన్ని, పన్ను మినహాయింపును ఒకటిగా భావించి వ్రాయడం తరచు కనిపించే పొరపాటు.

రేడియో తరంగాల విషయంలో మరొక అనుమతి కావాలి. బేస్ స్టేషన్ ఆన్ చేయగానే అది తరంగాలు వెదజల్లుతుంది. ఆ తరంగపట్టీ వేలంలో కొనుక్కొన్న మొబైల్ సంస్థ వేరే ఉంటుంది. కనుక ప్రయోగశాలలలో యాంటెన్నాకు బదులు తీగ ద్వారానే సంకేతాన్ని నడిపి, దాని బలాన్ని తగ్గించే సాధనాలు అమర్చి, లోహపు రేకు పరచిన గదులలో పరీక్షలు జరుపుతారు. కేంద్ర టెలికాం శాఖకు చెందిన వైర్‌లెస్ ప్రణాళిక, సమన్వయ విభాగం ఇందుకు ప్రయోగాత్మక అనుమతులు ఇస్తుంది. తరంగాలు వెలుపలికి రాని ప్రయోగాలకు, వెలుపలికి వచ్చే ప్రయోగాలకు నిబంధనలు వేర్వేరు. రాష్ట్ర ప్రభుత్వపు ఏకగవాక్ష విధానంలో ఈ అనుమతి ఇమిడి ఉండదు. పరిశ్రమల శాఖ అనుమతులన్నీ ముప్పై రోజులలో ఇచ్చినా, ఈ ఒక్క అనుమతి రానిదే ప్రయోగశాల మూగగా ఉంటుంది. దరఖాస్తుదారుకు ఈ విషయం తొలి సమావేశంలోనే చెప్పగల అధికారి ఆ సంస్థకు ఎంతో కాలం ఆదా చేసినవాడవుతాడు.

మేధోసంపత్తి ఎవరిది

ఇక్కడి ఇంజనీర్లు సృష్టించిన పరిజ్ఞానం ఎవరికి చెందుతుందన్న ప్రశ్న తరచు వస్తుంది. ఒప్పందం ప్రకారం సర్వసాధారణంగా అది విదేశీ మాతృసంస్థకు చెందుతుంది. ఇక్కడి కంపెనీ ఆ పనికి అయిన ఖర్చును, దానిపై కొంత శాతం లాభాన్ని మాతృసంస్థ నుండి పుచ్చుకొంటుంది. ఇక్కడి లెక్కల పుస్తకాలలో ప్రతి ఏటా క్రమం తప్పని లాభం కనిపించడానికి కారణం ఇదే. అది వ్యాపారపు లాభం కాదు, ఒప్పందపు లాభం.

నష్టభయం ఎవరిది, నిర్ణయాలు ఎక్కడ జరుగుతున్నవి అన్న అంశాలపై ఈ లాభశాతం ఆధారపడుతుంది. కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు 2013లో ఒప్పంద పరిశోధన కేంద్రాలపై సర్క్యులర్లు జారీ చేసి, కీలక నిర్ణయాలు తీసుకొనేవారు భారతదేశంలో ఉంటే కేంద్రాన్ని కేవలం కూలికి పనిచేసేదిగా పరిగణించరాదని స్పష్టం చేసింది. దీని వలన ఒక విచిత్ర పరిస్థితి ఏర్పడుతుంది. కేంద్రం తన ప్రాముఖ్యాన్ని పత్రికలకు గొప్పగా చెప్పుకొంటుంది, పన్నుల అధికారి ముందు తగ్గించి చెప్పుకొంటుంది. రెండు పత్రాలనూ పక్కపక్కన పెట్టి చదివిన పాత్రికేయునికి వార్త దొరుకుతుంది.

పేటెంట్ల చట్టం 39వ సెక్షన్ ప్రకారం భారతదేశ నివాసి అయిన ఆవిష్కర్త విదేశంలో దరఖాస్తు చేయదలచినపుడు ముందస్తు అనుమతి పొందాలి, లేదా మొదట ఇక్కడ దరఖాస్తు చేసి ఆరు వారాలు ఆగాలి. హక్కు మాతృసంస్థ పేర ఉన్నా ఆవిష్కర్తల పేర్లు, వారి నగరం దరఖాస్తులో నమోదవుతాయి. కేంద్రంలో నిజంగా నూతన రూపకల్పన జరుగుతున్నదా అని తెలుసుకొనుటకు ప్రకటనల కంటే ఈ నమోదులే నమ్మదగినవి.

భద్రత ప్రశ్న

టెలికాం యంత్రాంగం దేశ భద్రతతో ముడిపడినది. ఈ కారణంగా టెలికాం సంస్థ కేంద్రానికి మందుల సంస్థ కేంద్రానికో, వాహనాల సంస్థ కేంద్రానికో రాని ఇబ్బంది వస్తుంది. హువావే అనుభవంలో ఇది స్పష్టంగా కనిపిస్తుంది.

2010లో భద్రతా కారణాల వలన చైనా సంస్థల టెలికాం పరికరాల కొనుగోళ్లకు కొన్ని నెలలపాటు అనుమతులు నిలిచిపోయాయి. అదే సంవత్సరం టెలికాం శాఖ పరికరాల మూల ప్రోగ్రామును మధ్యస్థుని వద్ద భద్రపరచాలన్న షరతుతో నిబంధనలు తెచ్చి, పరిశ్రమ అభ్యంతరాల అనంతరం 2011లో వాటిని సవరించింది. ఇవన్నీ విక్రయాలకు సంబంధించిన నియంత్రణలే తప్ప అభివృద్ధి కేంద్రానికి సంబంధించినవి కావు. ఆ తరువాతనే 2015లో వైట్‌ఫీల్డ్ ప్రాంగణం ప్రారంభమైన విషయం పైన పేర్కొనడం జరిగింది.

2020లో పరిస్థితి మారింది. ఆ ఏడాది ఏప్రిల్‌లో, భూసరిహద్దు గల దేశాల నుండి వచ్చే విదేశీ పెట్టుబడులకు కేంద్ర ప్రభుత్వ ముందస్తు అనుమతి తప్పనిసరి అయింది. జూన్‌లో గల్వాన్ లోయ ఘర్షణ జరిగింది. డిసెంబరులో కేంద్ర మంత్రివర్గ భద్రతా వ్యవహారాల సంఘం టెలికాం రంగంపై జాతీయ భద్రతా ఆదేశాన్ని ఆమోదించింది. దాని ప్రకారం 2021 జూన్ 15 నుండి టెలికాం సంస్థలు విశ్వసనీయ మూలాలుగా గుర్తింపు పొందినవారి నుండి మాత్రమే కొత్త పరికరాలు తెచ్చుకోవాలి. అంతకు ముందే, 2021 మే నెలలో 5జీ ప్రయోగాలకు టెలికాం శాఖ అనుమతులిచ్చినపుడు ఎరిక్సన్, నోకియా, శామ్‌సంగ్, సీ-డాట్ పరికరాల పేర్లు ఉన్నవి, చైనా సంస్థల పేర్లు లేవు.

దేశ భద్రతపై నిర్ణయాధికారం కేంద్ర ప్రభుత్వానిది. ఆ నిర్ణయపు మంచిచెడ్డలు ఈ వ్యాస పరిధిలోనివి కావు. కాని భూమి, రాయితీలు ఇచ్చే రాష్ట్రానికి ఇందులో గ్రహించవలసిన విషయం ఉన్నది. సంస్థకు ఈ దేశంలో మార్కెట్ ఉండడం వేరు, కేంద్రం ఉండడం వేరు. మార్కెట్ మూతపడినంత మాత్రాన కేంద్రం ఆ రోజే మూతపడదు, ఎందుకనగా అది ఇతర దేశాల కొరకు పనిచేస్తున్నది. అయినా విస్తరణ ప్రణాళికలు, నిపుణుల రాకపోకలు, ప్రయోగశాల పరికరాల దిగుమతులు ఆ వాతావరణానికి అతీతంగా ఉండలేవు. పదేళ్ల రాయితీ ఒప్పందం వ్రాసే అధికారి ఈ అనిశ్చితిని లెక్కలోకి తీసుకోవలసి ఉంటుంది. ఇక ఆ కేంద్రంలో పదిహేనేళ్లు పనిచేసిన ఇంజనీరు సంగతి వేరు. అతని నైపుణ్యం ఏ సంస్థ పరికరానికీ కట్టుబడి ఉండదు. ఒక బేస్ స్టేషన్ ప్రోగ్రామును ఎరిగినవాడు మరొక సంస్థ బేస్ స్టేషన్‌ను కూడా అర్థం చేసుకోగలడు.

మాతృసంస్థ చేతులు మారితే

ఇబ్బంది రాజకీయ కారణాల వలననే రానక్కరలేదు. పైన చెప్పిన మోటరోలా 2011 జనవరిలో రెండు కంపెనీలుగా విడిపోయింది. దాని మొబైల్ నెట్‌వర్క్ పరికరాల వ్యాపారం అదే సంవత్సరం నోకియా సీమెన్స్ నెట్‌వర్క్స్ పరమైంది. ఫోన్ల వ్యాపారం 2012లో గూగుల్‌కు, 2014లో లెనోవోకు చేరింది. ఐదవ స్థాయి పత్రం వీటిలో దేనినీ ఆపలేదు. మూడు నాలుగేళ్ల వ్యవధిలో ఒకే సంస్థ గుర్తింపు కార్డుతో చేరినవారు వేర్వేరు సంస్థల ఉద్యోగులయ్యారు. కెనడాకు చెందిన నార్టెల్ 1990లలో సొంత కేంద్రం కట్టకుండా ఇక్కడి సాఫ్ట్‌వేర్ కంపెనీలలో తన పనికి ప్రత్యేక విభాగాలు ఏర్పాటు చేయించుకొన్నది. 2009 జనవరిలో ఆ సంస్థ దివాలా రక్షణకు దరఖాస్తు చేసింది.

హైదరాబాదు సందర్భం

హైదరాబాదుకు ఈ రంగంలో తనదైన పునాది ఉన్నది. 1967లో ఏర్పడిన ఈసీఐఎల్, రక్షణ పరిశోధనశాలలు ఎలక్ట్రానిక్స్ ఇంజనీర్ల తరాలను తయారు చేశాయి. 1998లో అంతర్జాతీయ సమాచార సాంకేతిక విద్యాసంస్థ ప్రారంభమైంది, అదే సంవత్సరం నవంబరులో సైబర్ టవర్స్‌ను నాటి ప్రధాని అటల్ బిహారీ వాజపేయి ప్రారంభించారు.

టెలికాం రంగంలో నేడు ఇక్కడ ప్రముఖంగా చెప్పుకోదగినది క్వాల్‌కామ్. ఇది ఎక్స్ఛేంజిలు గాని, టవర్ పరికరాలు గాని విక్రయించే సంస్థ కాదు. మొబైల్ ఫోన్‌కు గుండెకాయ వంటి చిప్‌ను రూపొందించి, వైర్‌లెస్ పరిజ్ఞానంపై పేటెంట్ హక్కులు ఇచ్చే శాన్‌డియాగో సంస్థ. 2018 అక్టోబరులో హైదరాబాదు ప్రాంగణంపై 40 కోట్ల డాలర్లు వెచ్చించనున్నట్లు, అది శాన్‌డియాగో తరువాత తమకు రెండవ పెద్ద ప్రాంగణం కానున్నట్లు వెల్లడించింది. 2022 ఆగస్టులో, ఐదేళ్లలో రూ. 3,904.55 కోట్ల పెట్టుబడి, రాయదుర్గంలో 15.72 లక్షల చదరపు అడుగుల కార్యాలయ స్థలం, సుమారు 8,700 మందికి ఉపాధి అన్న వివరాలను నాటి రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది.

ఈ రెండు ప్రకటనలను పక్కపక్కన ఉంచి చదివేటపుడు కొంత జాగ్రత్త అవసరం. 2018లో చెప్పిన 40 కోట్ల డాలర్లు అప్పటి మారకపు విలువలో దాదాపు రూ. 3,000 కోట్లు. 2022 నాటి మొత్తంలో అది పూర్తిగానో, కొంతవరకో ఇమిడి ఉన్నదా అన్నది సంబంధిత శాఖను అడిగి తెలుసుకోదగిన ప్రశ్న. రెండు మొత్తాలను కూడి ఒకే పెట్టుబడిగా వ్రాయడం తొందరపాటు అవుతుంది. అలాగే 8,700 అన్నది ఐదేళ్ల అంచనా, ప్రకటన దినాన ఉన్న ఖాళీలు కావు. చిప్ రూపకల్పన కేంద్రాలలో నియామకాలు సాధారణంగా ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్ సైన్స్ పట్టభద్రులకు, అందులోనూ అనుభవజ్ఞులకు పరిమితమవుతాయి. ఉద్యోగాల సంఖ్య చూసి ఇతర విభాగాల నిరుద్యోగులు మధ్యవర్తుల చేతికి చిక్కిన సందర్భాలు నగరంలో కొత్త కావు కనుక, వార్తలో అర్హతను కూడా ఒక వాక్యంలో పేర్కొనవలసిందిగా పాత్రికేయ మిత్రులను కోరడమైనది.

అధికారుల విషయానికి వస్తే, ఉపాధి ఆధారిత రాయితీల క్లెయిములలో ప్రకటించిన సంఖ్య, వసతి సంఖ్య, వాస్తవ సంఖ్య అనే మూడింటినీ వేర్వేరు గడులలో నమోదు చేయించడం మేలు. వాస్తవ సంఖ్యకు ఉద్యోగుల భవిష్యనిధి నెలవారీ చలానాలు ఆధారం. కాంట్రాక్టు పద్ధతిలో భద్రత, భోజనశాల, రవాణా పనులు చేసేవారిని ఇంజనీర్ల లెక్కలో కలపకుండా, అలాగని వదిలివేయకుండా విడిగా చూపాలి. కేంద్రం పనిచేస్తున్న ఉత్పత్తుల జాబితాను ఏటా ఒకసారి కోరవచ్చు. వ్యాపార రహస్యమని సంస్థ పేర్లు చెప్పకపోయినా, ఎన్ని ఉత్పత్తుల పూర్తి బాధ్యత ఇక్కడ ఉన్నదో, గత సంవత్సరం కంటే అది పెరిగిందో తగ్గిందో చెప్పుటకు ఆటంకం ఉండదు.